అడగండి, చెబుతాం: రోడ్డు ప్రమాదం, ఆసుపత్రి బిల్లు

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఆసుపత్రి వరండాలోంచి రాసినట్టే ఉన్నాయి. ఎముకల వైద్యం, ఆరోగ్య బీమా, మోటారు ప్రమాదాల కేసులు రోజూ చూసేవాళ్లు కలిసి జవాబులిచ్చారు. ఒకే తరహా ప్రశ్నల్ని ఒక్కటిగా కలిపాం.

మా ఆయన స్కూటర్ మీద వస్తుంటే ఔటర్ రింగ్ రోడ్డులో కారు గుద్దింది. దగ్గర్లోని ప్రైవేటు ఆసుపత్రిలో 50,000 కడితేనే లోపలికి తీసుకుంటామన్నారు. రాత్రి పదకొండు గంటలప్పుడు తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేసి కట్టాం. అలా అడగొచ్చా? ప్రభుత్వమే లక్షన్నర భరిస్తుందని తర్వాత విన్నాం. మాకెందుకు రాలేదు?
— పాఠకురాలు, మారతహళ్ళి

అడగకూడదు. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం డ్యూటీలో ఉన్న డాక్టరు కాగితాల కోసం ఆగకుండా వెంటనే చికిత్స మొదలుపెట్టాలి. పోలీసులు వచ్చేదాకా ఆగక్కర్లేదని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. కర్ణాటకలో ప్రైవేటు ఆసుపత్రుల చట్టం కూడా అత్యవసర చికిత్సకు ముందు అడ్వాన్సు అడగకూడదంటుంది. కౌంటర్లో కూర్చున్న కుర్రాడికి ఇవన్నీ తెలియకపోవచ్చు. అతనితో వాదించకుండా డ్యూటీ డాక్టరునో మెడికల్ సూపరింటెండెంటునో పిలవమనండి. అక్కడే నిలబడి అత్యవసర నంబరు 112కి ఫోన్ చేయండి.

లక్షన్నర సంగతి. 2025 మే 5న నోటిఫై అయిన కేంద్ర పథకం కింద, మోటారు వాహనం వల్ల రోడ్డు ప్రమాదంలో గాయపడినవారికి ప్రమాదం జరిగిన రోజు నుంచి 7 రోజుల వరకు, మనిషికి 1,50,000 దాకా నగదు లేకుండా చికిత్స అందాలి. ఆదాయం, రేషన్ కార్డు అడగరు. అయితే మూడు చోట్ల ఇది జారిపోతుంది.

మొదటిది, ఆసుపత్రి ఆ పథకం జాబితాలో ఉండాలి. లేకపోతే ప్రాణం నిలబెట్టేంతవరకే చూస్తారు. 112కి చేసినప్పుడే దగ్గర్లో జాబితాలో ఉన్న ఆసుపత్రి ఏదో అడగండి. రెండోది, ఇది ప్రమాదమేనని పోలీసులు పోర్టల్లో ధ్రువీకరించాలి. దానికి మామూలు గాయాలైతే 24 గంటలు, ప్రాణాపాయమైతే 48 గంటలు గడువు. మూడోది మనవాళ్లు చేసే పొరపాటే. రిజిస్ట్రేషన్ దగ్గర కంగారులో 'బండి మీంచి పడ్డాడు' అంటారు. వాళ్లు అదే రాసుకుంటారు. గుద్దిన కారు కాగితం మీద లేకుండా పోతుంది, అది ఎమ్మెల్సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు) కాదు, పోలీసులకు కబురు వెళ్లదు. ఆ ఒక్క మాట తర్వాత నష్టపరిహారం కేసులోనూ అడ్డుపడుతుంది. 'ఫలానా చోట, ఇన్ని గంటలకు, కారు వెనక నుంచి గుద్దింది' అని చెప్పండి. రాసింది చదివించుకోండి. ఎమ్మెల్సీ నంబరు ఫోన్లో ఫొటో తీసుకోండి.

పథకం డబ్బు ఆసుపత్రికే వెళ్తుంది, మీ చేతికి రాదు. అందుకే చేర్చేటప్పుడే అడగాలి. మీరు కట్టిన 50,000 రసీదు మాత్రం పారేయకండి, కింద చెప్పే కేసులో దానికి విలువ ఉంది.

మా నాయనను ఎలక్ట్రానిక్ సిటీ దగ్గర లారీ కొట్టింది. తలకు దెబ్బ అని నిమ్హాన్స్‌కు తీసుకుపోతే, కడుపులో రక్తం ఉంది, వేరే చోటికి పోండి అన్నారు. అక్కడ బెడ్డు లేదు. మూడో చోట చేర్చుకున్నారు. మేము మొదట ఎక్కడికి పోయుండాలి?
— పాఠకుడు, బొమ్మనహళ్ళి

నిమ్హాన్స్ మెదడు, వెన్నుపాము, నరాలకు. తలకు మాత్రమే గట్టి దెబ్బ తగిలితే దానికి మించిన చోటు ఈ ఊళ్లో లేదనే చెప్పాలి. కానీ కడుపు, ఛాతీ, తొడ ఎముక కూడా దెబ్బతింటే అన్ని విభాగాలూ ఒకే కప్పు కింద ఉన్న చోటికే మొదట వెళ్లాలి. ప్రభుత్వ ఆసుపత్రుల్లో విక్టోరియా ఆవరణలోని ట్రామా సెంటర్ అలాంటిది. ఎముకలకైతే జయనగర్ పక్కన సంజయ్ గాంధీ ట్రామా ఆసుపత్రి ఉంది. కడుపు గట్టిగా బిగుసుకోవడం, మొహం పాలిపోయి చెమటలు పట్టడం, ఊపిరికి ఆయాసపడడం, వీటిలో ఏదున్నా తల సంగతి రెండోది. లోపలి రక్తస్రావం ఆపకుండా తల ఆపరేషన్ చేయరు.

ఒక చోట నుంచి మరో చోటికి మార్చాల్సి వస్తే, బయల్దేరేముందు అవతల ఐసీయూ బెడ్డు, వెంటిలేటరు ఉన్నాయో లేదో ఇక్కడి డాక్టరు చేతే ఫోన్ చేయించండి. సీటీ ఫిల్ములు, సీడీ, రిఫరల్ చీటీ చేతిలో ఉండాలి. ఇచ్చిన మందులు, ఇచ్చిన టైము ఆ చీటీలో ఉండాలి. సీడీ లేకపోతే అవతల సీటీ మళ్లీ తీస్తారు, డబ్బు పోతుంది, అరగంట కూడా పోతుంది. స్పృహ స్కోరు 15కి ఎంతో చీటీలో రాయించండి. 8, అంతకన్నా తక్కువైతే సాధారణంగా గొంతులో ట్యూబు వేశాకే అంబులెన్సు కదలాలి. నోటికి నీళ్లు, కాఫీ ఏమీ వద్దు.

తలకు దెబ్బ తగిలినవారికి కొన్ని గంటల తర్వాత సీటీ మళ్లీ తీస్తే బిల్లు పెంచుతున్నారని అనుకోకండి. చిన్న రక్తపు గడ్డ మొదటి రోజే పెద్దది కావొచ్చు, దాన్ని పట్టుకోవడానికే రెండో సీటీ.

ఆసుపత్రి బిల్లు 4,20,000. పాలసీ 5 లక్షలది. అయినా బీమావాళ్లు 3,20,000 ఇచ్చారు. పాలసీలో గది అద్దె పరిమితి రోజుకు 5,000. మేం 8,000 గది తీసుకున్నాం, నిజమే. ఆరు రోజులకు తేడా 18,000 కదా! లక్ష ఎలా కోస్తారు?
— పాఠకుడు, కె.ఆర్.పురం

ఈ ఉత్తరం మాకు ఎన్నిసార్లు వచ్చిందో లెక్కలేదు. మీరు జతచేసిన బిల్లునే విప్పి చూద్దాం.

గది 6 రోజులకు 48,000. సర్జను, మత్తు డాక్టరు, ఆపరేషన్ థియేటరు, డాక్టర్ల విజిట్లు కలిపి 1,60,000. ఐసీయూ 40,000. మందులు, ఇంప్లాంటు, పరీక్షలు 1,50,000. ఇతరాలు 22,000.

మీకు హక్కున్న గది 5,000, తీసుకున్నది 8,000. అంటే 62.5 శాతం. గది మీద 18,000 పోయింది. చాలా ఆసుపత్రుల్లో గది పెద్దదైతే సర్జను ఫీజు కూడా పెద్దదవుతుంది కాబట్టి, బీమా కంపెనీ ఆ 1,60,000కు కూడా అదే 62.5 శాతం కట్టి లక్ష ఇచ్చింది. 60,000 పోయింది. ఇతరాల్లోని చేతి తొడుగులు, రిజిస్ట్రేషన్ ఫీజు, గది మీద జీఎస్టీ లాంటివి మొత్తం 22,000 కొట్టేశారు. 18, 60, 22: లక్ష. మూడు వేల గది తేడా మీకు 78,000 ఖర్చయింది. రోజుకు 5,000 దాటిన గదికి 5 శాతం జీఎస్టీ ఉంటుందన్నది కూడా గుర్తుంచుకోండి, ఐసీయూకు అది లేదు.

ఇక్కడ మీరు సరిచూడాల్సినవి రెండు. మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలు, ఐసీయూ మీద ఈ నిష్పత్తి కోత వేయకూడదని నియమం. మీ విషయంలో వేయలేదు, మంచిది. కొందరికి మొత్తం బిల్లు మీద వేసేస్తారు. రెండోది, ఆసుపత్రి గదిని బట్టి ఫీజులు మార్చకపోతే ఈ కోతే చెల్లదు. ఆసుపత్రి రేట్ల పట్టిక తీసుకోండి. 5,000 గదికీ 8,000 గదికీ సర్జను ఫీజు ఒకటే ఉంటే ఆ 60,000 మీకు రావాలి.

రాకపోతే ముందు కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెల దాటినా జవాబు లేకపోతే, లేదా ఆ జవాబు నచ్చకపోతే, ఏడాదిలోపు బీమా అంబుడ్స్‌మన్‌కు (బీమా ఫిర్యాదులు తేల్చే అధికారికి) వెళ్లొచ్చు. బెంగళూరు ఆఫీసు జె.పి.నగర్‌లో ఉంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. కోత ఎందుకు కోశారో వరుసవారీగా రాసిన సెటిల్‌మెంట్ కాగితం లేకుండా మాత్రం వెళ్లకండి, వట్టి చేతులతో వెళ్తే మళ్లీ తిరగాల్సిందే.

ఆసుపత్రిలో ఇంకా ఉన్నవాళ్లకు రెండు మాటలు. చేర్చిన 24 గంటల్లో బీమా కంపెనీకి, లేదా దాని తరఫున క్లెయిములు చూసే టీపీఏ సంస్థకి చెప్పండి. నగదు రహిత చికిత్సకు అనుమతిపై గంటలో, డిశ్చార్జి బిల్లుపై 3 గంటల్లో తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో ఆదేశించింది. ఆలస్యం వాళ్లదైతే అదనపు అద్దె వాళ్లదే. కొత్త పాలసీ అయినా భయం లేదు. మొదటి 30 రోజుల ఆంక్ష ప్రమాదాలకు వర్తించదు. క్లెయిమ్‌కు అసలు ముప్పు కేస్ షీట్లోని ఒక వాక్యంలో ఉంటుంది: 'మద్యం వాసన వస్తోంది' అని. తాగనివాడికి అలా రాస్తే, అప్పటికప్పుడే రక్త పరీక్ష చేయమని రాతపూర్వకంగా అడగండి. మర్నాడు అడిగితే రక్తంలో ఏమీ మిగలదు, రాత మాత్రం మిగులుతుంది.

మా తమ్ముడికి మోకాలి కింద ఎముక చర్మం చీల్చుకుని బయటికొచ్చింది. బయటినుంచి కడ్డీలు బిగించారు. ఇప్పుడు రెండో ఆపరేషన్, ఆ తర్వాత మూడోది అంటున్నారు. ఒకేసారి చేయొచ్చు కదా, డబ్బుకోసమేనా?
— పాఠకురాలు, యలహంక

ఈ గాయంలో విడతలే సరైన పద్ధతి. రోడ్డు మట్టి ఎముకలోకి వెళ్లింది. మొదటి గంటలోనే యాంటీబయాటిక్, తర్వాత లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడగడం, చచ్చిన కండ కోసేయడం, ఎముక కదలకుండా బయటి ఫిక్సేటరు. 48 గంటల ప్రాంతంలో మళ్లీ తెరిచి చూస్తారు, ఎందుకంటే మొదటి రోజు బతికున్నట్టు కనిపించిన కండ రెండో రోజుకు నల్లబడొచ్చు. పుండు శుభ్రపడ్డాక ప్లాస్టిక్ సర్జను చర్మమో కండో కప్పుతారు. ఆ పైన లోపలి రాడ్డు. మురికి పుండులో మొదటి రోజే ప్లేటు వేస్తే చీము పట్టి, ఆ ప్లేటు తీసి, మూడు ఆపరేషన్లు ఆరవుతాయి.

అయితే అడగాల్సింది అడగండి. ఒక్కో విడతకు అంచనా కాగితం మీద ఇవ్వాలి, ప్యాకేజీ అయితే అందులో ఏమేం లేవో రాయాలి. రాడ్డు, స్క్రూల డబ్బాలకు స్టిక్కర్లు ఉంటాయి: కంపెనీ, బ్యాచ్ నంబరు, ఎమ్మార్పీ. వాటిని కేస్ షీట్లో అతికించి మీకో నకలు ఇవ్వమనండి. ఆపరేషన్ తర్వాతి ఎక్స్‌రేలో స్క్రూలు లెక్కపెట్టండి. నాలుగు కనిపించి బిల్లులో ఏడు ఉంటే ఎందుకో చెప్పమనండి. సైజు సరిపోక తీసేసినవి ఒకటీ రెండూ ఉండొచ్చు, మూడంటే జవాబు కావాలి. మోకీలు మార్పిడి ఇంప్లాంట్లకు 2017 నుంచి ధర పరిమితి ఉంది, విరిగిన ఎముకలకు వేసే ప్లేట్లు, రాడ్లకు అలాంటిది లేదు. స్టీలు వేస్తే ఎమ్మారై తీయలేరని భయపెట్టి టైటానియం అమ్మేవాళ్లున్నారు. ఇప్పటి స్టీలుతోనూ సాధారణంగా తీయొచ్చు, ముందే చెప్పాలి, ఆ చుట్టుపక్కల బొమ్మ మసకగా వస్తుంది అంతే.

ఇంటివాళ్లు కనిపెట్టాల్సింది: ఇంజెక్షన్ ఇచ్చినా తగ్గని నొప్పి, కాలివేళ్లు పైకి లాగితే అరిచేంత బాధ, పిక్క రాయిలా బిగుసుకోవడం. లోపల ఒత్తిడి పెరిగి కండకు రక్తం ఆగుతోందన్నమాట. గంటల్లో తేలాల్సిన విషయం, ఉదయం రౌండ్స్ దాకా ఆగకండి. ఇంటికొచ్చాక సిగరెట్టు మానాలి, పొగ ఎముక అతుక్కోవడాన్ని నెలలు వెనక్కి నెడుతుంది. ఈ ఎముక అతకడానికి మామూలుగానే నాలుగైదు నెలలు, ఇలాంటి తెరిచిన గాయంలో ఇంకా ఎక్కువ. ఫిజియోథెరపీ బిల్లులు దాచండి. చాలా పాలసీలు డిశ్చార్జి తర్వాత 60 రోజుల ఖర్చు ఇస్తాయి, డాక్టరు చీటీ ఉంటేనే.

పీణ్యాలో గార్మెంట్స్‌లో పనిచేస్తాను. డ్యూటీకి నడిచి వెళ్తుంటే ఆటో గుద్దింది. ఫ్యాక్టరీలో జరగలేదు కాబట్టి ఈఎస్ఐ రాదంటున్నారు.
— పాఠకురాలు, జాలహళ్ళి

వస్తుంది. ఇంటికీ పనికీ మధ్య దారిలో, డ్యూటీ సమయానికి పొంతన ఉన్న ప్రమాదాన్ని పనిలో జరిగిన గాయంగానే చూడాలని 2010 సవరణ. నెల జీతం 21,000 లోపు ఉండి మీ పేరు ఈఎస్ఐలో ఉంటే రాజాజీనగర్ ఈఎస్ఐ ఆసుపత్రిలో చికిత్స, పనికి వెళ్లలేని రోజులకు సగటు కూలిలో సుమారు 90 శాతం. కంపెనీ 24 గంటల్లో ప్రమాద నివేదిక పంపాలి. అది పంపకపోవడమే అసలు చిక్కు. సూపర్‌వైజరు నోటిమాట నమ్మకుండా, ప్రమాదం జరిగిన చోటు, సమయం, షిఫ్టు టైము రాసి హెచ్ఆర్‌కు ఇచ్చి, నకలు మీద సంతకం తీసుకోండి. అత్యవసరంలో ప్రైవేటులో చేరితే ఈఎస్ఐ ఇచ్చేది సీజీహెచ్ఎస్ (కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల ఆరోగ్య పథకం) రేట్లకే, మీరు కట్టినంతా కాదు. కాస్త కుదుటపడగానే మారండి.

ఇదే ప్రశ్న అడిగిన డెలివరీ అబ్బాయికి: మీకు ఈఎస్ఐ లేదు. కానీ కర్ణాటక గిగ్ కార్మికుల బీమాలో పేరు నమోదై ఉంటే ప్రమాదంలో ఆసుపత్రి ఖర్చు లక్ష వరకు వస్తుంది, డ్యూటీలో ఉన్నా లేకున్నా. కంపెనీ బీమా ఎక్కువగా యాప్ ఆన్‌లో ఉన్నప్పుడే పనిచేస్తుంది కాబట్టి ఆ ఆర్డరు స్క్రీన్‌షాట్ తీసి పెట్టండి, ఐడీ బ్లాక్ అయితే మళ్లీ దొరకదు.

మాది మదనపల్లె. మా బావగారిని హెబ్బాళ దగ్గర ఏదో బండి గుద్ది వెళ్లిపోయింది. కాలు విరిగింది. ఎవరిమీద కేసు వేయాలి? కోర్టుకని బెంగళూరు తిరగాలా?
— పాఠకుడు, మదనపల్లె

ముందు ఎఫ్ఐఆర్. బెంగళూరులో ప్రమాద కేసులు ట్రాఫిక్ పోలీస్ స్టేషన్ నమోదు చేస్తుంది. మామూలు స్టేషన్ చుట్టూ తిరిగి రోజులు పోగొట్టుకునేవాళ్లు చాలామంది. దగ్గర్లోని కొట్లు, అపార్ట్‌మెంట్ల సీసీ కెమెరాల్లో దృశ్యాలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. వెంటనే దాచమని రాసివ్వండి.

బండి దొరకకపోతే, గుద్దిపోయిన ప్రమాదాల పథకం కింద తీవ్ర గాయానికి 50,000, మరణానికి 2 లక్షలు. ఎముక విరగడం తీవ్ర గాయమే. ప్రమాదం జరిగిన ప్రాంతపు తహసీల్దారుకు దరఖాస్తు. డబ్బు చిన్నదే, కానీ కేసు తేలేదాకా ఆగక్కర్లేదు.

బండి దొరికితే దాని థర్డ్ పార్టీ బీమా కంపెనీ మీద మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో క్లెయిమ్. ప్రమాదం జరిగిన చోటే వేయాలని లేదు, మీరుండే ఊరి పరిధిలోని ట్రిబ్యునల్లోనూ వేయొచ్చు. ప్రమాదం నుంచి 6 నెలల గడువు ఉంది. దాని చెల్లుబాటు మీద సుప్రీంకోర్టులో వాదన నడుస్తోంది గానీ, అది నమ్ముకుని కూర్చోకండి. తప్పు ఎవరిదన్న వాదన వద్దనుకుంటే మోటారు వాహనాల చట్టం 164వ సెక్షన్ కింద తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు. తీసుకుంటే అంతే, మళ్లీ పెద్ద క్లెయిమ్ ఉండదు. కాలు పూర్తిగా బాగుపడదని డాక్టరు అంటే, తప్పు అవతలివాళ్లదని రుజువు చేసి పూర్తి పరిహారం అడిగే 166వ సెక్షన్ కింద వెళ్లడమే మేలు, మా అభిప్రాయం అదే.

ట్రిబ్యునల్ చూసేవి: ఎఫ్ఐఆర్, స్పాట్ మహజరు (ప్రమాద స్థలంలో రాసిన పంచనామా), స్కెచ్, బండి తనిఖీ రిపోర్టు, ఊండ్ సర్టిఫికెట్ (గాయాల ధ్రువపత్రం), డిశ్చార్జి సమ్మరీ, ఎక్స్‌రేలు, ఒరిజినల్ బిల్లులు, జీతం రుజువు. ఒరిజినల్ బిల్లులు ఆరోగ్య బీమాకు ఇచ్చేసి ఉంటే, ఇచ్చినట్టు వాళ్ల ముద్ర ఉన్న నకళ్లు తీసుకోండి. ఆరోగ్య బీమా ఇచ్చినదాన్ని పరిహారంలో తగ్గించకూడదని 2025లో బొంబాయి హైకోర్టు ఫుల్ బెంచ్ చెప్పింది. కర్ణాటకలో తగ్గించిన తీర్పులున్నాయి.

చాలామంది బిల్లులతో ఆగిపోతారు. కాలు విరిగినవాడికి పని పోయిన నెలల కూలి, పక్కన ఉన్న మనిషి ఖర్చు, ఆటోలు, ఆహారం, నొప్పికి, రాడ్డు తీసే ఆపరేషన్‌కు కూడా అడగొచ్చు. రాడ్డు తీయాలని, దానికి ఇంతవుతుందని డాక్టరు చేత ఇప్పుడే రాయించండి. వైకల్యం శాతం ఒక్కటే కాదు, ఆ వైకల్యం అతని సంపాదనను ఎంత తగ్గించిందన్నదే లెక్క అని సుప్రీంకోర్టు 2010లో రాజ్‌కుమార్ కేసులో చెప్పింది. కాలు 30 శాతం పోతే గుమాస్తాకు ఒక నష్టం, మేస్త్రీకి ఇంకో నష్టం. మీ బావగారు ఏం పనిచేస్తారో రాయలేదు, దానిమీదే మొత్తం ఆధారపడుతుంది.

వార్డులోకి వచ్చి 'ఖర్చంతా మాది, సంతకం పెట్టండి' అనేవాళ్ల చేతికి ఖాళీ వకాలత్ (లాయరుకు మీ తరఫున అధికారమిచ్చే కాగితం) ఇవ్వకండి.

బిల్లు కట్టేదాకా మనిషిని ఇంటికి పంపబోమంటున్నారు.
— పాఠకుడు, హొసకోటె

బాకీ వసూలుకు కోర్టుంది, మనిషిని ఆపే హక్కు ఆసుపత్రికి లేదు. కర్ణాటకలో చనిపోయినవారి దేహాన్నీ ఆపకూడదు. పంపకపోతే 112. బాకీ ఒప్పుకుని, వాయిదాలు రాసిచ్చి వెళ్లడం మామూలు దారి. కోపంలో 'డాక్టరు మాట వినకుండా వెళ్తున్నాం' అన్న కాగితం మీద సంతకం పెట్టకండి, అది బీమా క్లెయిమ్‌నూ, ట్రిబ్యునల్ కేసునూ రెండింటినీ పాడుచేస్తుంది. కేస్ షీట్ నకళ్లకు రాతపూర్వకంగా అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఇంకోటి, రెండు లక్షలు, అంతకుమించి నగదుగా కట్టకండి, ఆసుపత్రి తీసుకోకూడదు. రెండు మూడు రోజులకు పంచి కట్టినా ఒకే చికిత్స కిందే లెక్క. చెక్కో, యూపీఐనో, కార్డో వాడండి.